ఆల్వా పెల్ తెల్ల కప్పు

వెర్మాంట్ కొండల్లో ఆల్వా పెల్‌కి ఒక ఉన్నిమిల్లు, దాన్ని తిప్పే వాగు, ఆ వాగుకి అడ్డంగా ఒక మట్టికట్ట ఉండేవి. కట్ట వేయించింది ఆయనే. లోపల రాయి పేర్పించాల్సిన చోట తొందరకొద్దీ కొమ్మలూ బంకమన్నూ కుక్కించిందీ ఆయనే. ఈ రెండో సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆయన చట్టసభకి నిలబడ్డ ఏడు, కట్ట కింద కాపురాలు పెట్టడానికి మిల్లు కూలీలు జంకారు. పెద్దమనిషికి రోషం పొడుచుకొచ్చింది. "నేనూ అక్కడే ఇల్లు కట్టుకుంటాను, సరేనా?" అనేశాడు సభలో. చప్పట్లు మోగాయి, గెలిచాడు, మాట నిలబెట్టుకోక తప్పలేదు. ఆయన ఇంటిని చూసుకుని ధైర్యంగా జనమంతా చుట్టూ ఇళ్ళు వేసుకున్నారు.

అప్పట్నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు. వాన పడితే దడ, పడకపోతే పడుతుందేమోనని దడ. పొద్దున్నే తెల్ల పింగాణీ కప్పు పట్టుకుని కట్ట మొదట్లో సన్నగా కారే ఊట దగ్గరికి వెళ్ళేవాడు. ఊట తేటగా ఉంటే ఆ రోజుకి బతికినట్టు. మట్టి కలిసిందంటే కట్ట లోపల్నుంచి కరిగిపోతున్నట్టే. ఒకరోజు కప్పుతో సహా జనం కంటపడ్డాడు. ఏం చేస్తాడు పాపం, గటగటా తాగేశాడు! "కట్ట నీళ్ళు తాగందే మా పెద్దాయనకి కాఫీ దిగదు" అని ఊరు మురిసిపోయింది. ఇక రోజూ తాగక తప్పలేదు.

జుట్టు నెరిశాక ఒక వసంతంలో, మంచు కరుగుతుండగానే ఎడతెగని వాన పట్టుకుంది. తెరిపిచ్చిన పొద్దున ముంచితే కప్పులో నీళ్ళు కాఫీరంగులో ఉన్నాయి. కప్పు పట్టుకునే గబగబా ఇంటివైపు నడిచాడు.

పక్కింటి హల్డా, మొగుడు పోయాక మిల్లులో నేతపనితో నెట్టుకొస్తున్న మనిషి, బట్టలారేస్తూ నవ్వింది. "ఇవాళ తాగలేదేం పెల్ గారూ? అరగట్లేదా?"

"పిల్లనెత్తుకుని కొండెక్కు హల్డా. కట్ట తెగిపోతోంది."

"మీ ఇల్లిక్కడుండగా తెగుతుందేంటండీ! చాల్లెండి వేళాకోళం."

ఆయనకి అప్పుడర్థమైంది. వీళ్ళు తన నోటిని కాదు, తన ఇంటిని నమ్ముకున్నారు. ఇంట్లోకి పరిగెత్తి భార్య ఆర్మిండాని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

"మతిపోయిందా మీకు? పొయ్యిమీద రొట్టె మాడుతోంది!"

"మాడనీ! ముందు బండెక్కు!"

నెత్తిన టోపీ లేకుండా, గుర్రాన్ని బాదుతూ, "పోతాం, అందరం పోతాం" అని వీధి పొడుగునా గావుకేకలు పెట్టాడు. అందులో నటన ఇసుమంతైనా లేదు. ఇన్నేళ్ళూ గొంతులో నొక్కిపెట్టిన భయమంతా ఒక్కసారిగా బయటపడింది. పెల్ పారిపోతున్నాడని చూశాక ఎవరాగుతారు? చేతిలోవి చేతిలో వదిలేసి ఊరు ఊరంతా బండి వెనక పరిగెత్తింది.

కొండమీద ఇంకా రొప్పుతుండగానే కట్ట తెగింది. ఇళ్ళు కొట్టుకుపోయాయి. మనుషులందరూ దక్కారు.

హల్డా పిల్లనెత్తుకుని బండి దగ్గరికొచ్చింది. "ఎప్పట్నుంచి తెలుసండీ మీకు?"

ఆయన చేతిలో కప్పు ఇంకా అలాగే ఉంది. "కట్టిన రోజు నుంచీ."

హల్డా పిల్లకి శాలువా కప్పి దూరంగా వెళ్ళి నిలబడింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ జరిగారు.

కాసేపటికి ఆర్మిండా కూడా బండి దిగింది.