అసెనాతె నాలుక

దూరపు సముద్రంలోని ఒక దీవిలో సింగతోకా నది దాటి పడమరకు వెళ్తే మడ చెట్ల వెనక బూడిదరంగు నేల ఒకటి ఉంది. పెద్ద పోటు వచ్చి వెళ్లాక ఎండకు అది తెల్లగా పొక్కులెక్కుతుంది. ఆ మట్టిని ఆల్చిప్పలతో గీకి, గంపల్లో నింపి, పైనుంచి సముద్రపు నీళ్లు పోస్తే కింద తొట్టిలోకి ఉప్పునీరు చుక్కచుక్కగా దిగుతుంది. దాన్ని కుండల్లో మరిగిస్తే ఉప్పు. పనంతా ఆడవాళ్లదే. కానీ తొట్టిలో నీళ్లు కుండకెక్కాలా, ఇంకోసారి కొత్త మట్టిలోంచి దిగాలా అన్నది ఒక్కరే చెప్పాలి. ముప్పై ఏళ్లుగా ఆ ఒక్కరూ అసెనాతె. వేలు ముంచి నాలుకకు తాకించుకునేది. "ఎక్కించండి" అనేది. ఆమె తర్వాత ఇంకెవరూ రుచి చూడరు. చూస్తే ఆమె మాట నమ్మలేదని అర్థం.

నేను చాలా రేవుల్లో ఉప్పు తిన్నాను. ఒకచోట దాన్ని కంటితో తేలుస్తారు, ఇంకోచోట గుప్పిట్లో నలిపి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఒక మనిషి నాలుక మీద ఇంత భారం పెట్టిన ఊరు మాత్రం ఇదొక్కటే చూశాను.

ఆ నాలుక పోయింది. తుఫాను వచ్చిన ఏడాది జ్వరం పట్టి, తగ్గాక, ఆమె నోటికి ఉప్పు తెలియడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కొబ్బరిపాలలో చేపలు వండిన రోజున మనవరాలు మొదటి ముద్ద తినేదాకా ఆగి, ఆ పిల్ల మొహం చూసి ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకునేది. తొట్టి దగ్గర చూడటానికి ఎవరి మొహమూ లేదు. అలవాటు మీద నెట్టుకొచ్చింది. కిందటి నెల ఆ అలవాటూ తప్పింది. రెండు రోజులు కట్టెలు కాలాయి. కుండల్లో తేలింది మూడు దోసిళ్లు.

"మరిగించింది వాననీళ్లా వదినా? ముందే చెబితే టీపొడి వేసేదాన్ని కదా!" అంది తరైవిని. అసెనాతెకు ఆమె ఆడబిడ్డ. అక్కడ వదినా ఆడబిడ్డలు ఒకరినొకరు ఎంతైనా ఆటపట్టించుకోవచ్చు. అందరూ నవ్వారు, అసెనాతె కూడా. ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం ఎవరూ నవ్వరనీ, తొట్టి దగ్గర తన చోటు పోతుందనీ ఆమెకు తెలుసు.

ఆ వారమే అన్న కూతురు మిలికా కబురు పెట్టింది, బడికి కాస్త ఉప్పు కావాలని. మిలికా ఆ ఊరి పంతులమ్మ. అసెనాతె బుట్ట తీసుకెళ్లి గుమ్మంలో కూర్చుంది. మిలికా గాజుసీసాలో నీళ్లు పోసి గుడ్డు వేస్తే అది అడుక్కి పోయింది. ఉప్పు కలుపుతూ వెళ్లింది. కొన్ని చెంచాల తర్వాత గుడ్డు అడుగు వదిలి, కాసేపు నడిమధ్య తటపటాయించి, పైకొచ్చింది. పిల్లలు బల్లలు చరిచారు.

"మంత్రం కాదర్రా! ఉప్పు కరిగితే నీళ్లు చిక్కబడి బరువెక్కుతాయి. అవే గుడ్డును పైకి నెడతాయి."

"నీళ్లు పలచనైతే తేలదా?" అని అడిగింది అసెనాతె.

"తేలదత్తా. ఏంటి, నువ్వూ బళ్లో చేరతావా?"

తర్వాతి పోటు వెళ్లాక, అందరూ కట్టెలకు పోయిన వేళ, ఆమె సీమపనస చెట్టు కింద దొరికిన గుడ్డును కొంగులో దాచుకొచ్చి తొట్టిలో వేసింది. గుడ్డు తేలింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. కట్టెల మోపులు దిగుతుండగానే "ఎక్కించండి" అంది.

శనివారం కాబట్టి మిలికా కూడా వచ్చింది. అసెనాతె తీయడం మరిచిన గుడ్డును తొట్టిలో చూసి గొంతు తగ్గించింది. "అత్తా, దీన్ని ముందు మంచినీళ్లలో వేసి చూశావా?"

"చూడలేదు. ఎందుకు?"

మిలికా గుడ్డు తీసి తాగేనీళ్ల బకెట్లో వేసింది. అక్కడా తేలింది. "మురిగిపోయిందత్తా. లోపల గాలి చేరింది. దీనికి ఏ నీళ్లైనా ఒకటే."

తరైవిని అప్పటికే ముంత ముంచింది. అసెనాతె ఊరుకుంటే ఊరుకోవచ్చు. మళ్లీ రెండు రోజుల కట్టెలు, మళ్లీ మూడు దోసిళ్లు.

"ఆగండి. నాకు ఉప్పు తెలియడం లేదు. తుఫాను ఏడాది నుంచీ తెలియడం లేదు."

తరైవిని ముంత కింద పెట్టింది.

"అయితే నా కూర బాగుందని ఇన్నాళ్లూ అన్నదంతా అబద్ధమేనా వదినా?"

"నీ కూర సంగతి నాలుక ఉన్నప్పుడే తెలుసులే."

ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది తరైవినే. నవ్వుతూనే వెళ్లి, కోళ్ల గూట్లోంచి వెచ్చటి గుడ్డు పట్టుకొచ్చింది. అది బకెట్లో మునిగింది. తొట్టిలోనూ మునిగింది. ఆ నీళ్లన్నీ కొత్త మట్టి మీద తిరిగి పోశారు. పొద్దు వాలేవేళకు గుడ్డు పైకొచ్చి పక్కకు ఒరిగింది.

అయినా ఎవరూ కుండ ముట్టుకోలేదు. అసెనాతె వైపే చూశారు. ఆమె వేలు ముంచి నాలుకకు తాకించుకుంది. తర్వాత తరైవినితో అంది: "నువ్వూ చూడు."

ఆ తొట్టి దగ్గర ఎవరూ ఎవరితోనూ అనని మాట అది. తరైవిని జంకుతూ వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూతపడ్డాయి, మొహమంతా ముడతలుపడింది.

ఆ మొహాన్ని అసెనాతె తీరిగ్గా, చివరిదాకా చూసింది.

"ఎక్కించండి" అంది.