ఆటో కదిలేలోగా తెరుచుకోవాలి

“నా హోటల్ వెబ్‌సైట్ల నా మొఖమే లేకపాయె, ఇగ నీకు పైసలెందుకియ్యాలె?” అని బాలమల్లు ఒకసారి నౌరీన్‌ను నిలదీశాడు. శామీర్‌పేట చెరువు దగ్గర అతనిది చేపల పులుసు హోటల్. దాని వెబ్‌సైట్ నౌరీన్ తయారుచేసింది. ఏ సైటు చేసినా ఆమె కరీంనగర్ రోడ్డు మీద నిలబడి, చున్నీ భుజం మీదికి ఎగదోసుకుంటూ, చౌకరకం ఫోన్‌లో తెరిచి చూస్తుంది. ఎదురుగా ఆగిన ఆటో మనుషుల్ని ఎక్కించుకుని కదిలేలోగా ధరలు, దారి, ఫోన్ నంబరు కనిపించకపోతే, ఇంటికెళ్లి పేజీని బరువెక్కించే బొమ్మలు పీకేస్తుంది. ఆకలిగా ఉన్నవాడికి కావలసినవి ఆ ధర, దారి, నంబరే; మిగతాదంతా యజమాని ముచ్చట. ఆ రోజు ఆమె బాలమల్లు ఫోటోను అన్నిటికన్నా పైన పెట్టి, పేజీని అతని ఫోన్‌లోనే తెరిచింది. ముందు నుదురు వచ్చింది. చాలాసేపటికి కనుబొమలు వచ్చాయి.

“నీ మీసాలు దిగేటాళ్లకు ఆకలైనోడు తుర్కపల్లి దాటిపోతడు, కాకా.”

బాలమల్లు పగలబడి నవ్వాడు. “తీసెయ్ బిడ్డా, గా నంబరే పెద్దగ పెట్టు. మిగిలిన మూడు వేలు ఆదివారం గిరాకి జూసి ఇస్త.”

ఆదివారం ఫోన్ ఆగకుండా మోగింది, మధ్యాహ్నానికే చేపలన్నీ అయిపోయాయి. నౌరీన్‌కు మూడు వేలు ఇంకా రావాలి.