ఏమని పిలిచానో రాసిన రోజు

నా చిన్నప్పుడు వానాకాలంలో బడికి వెళ్ళడమంటే ఒక మనిషి భుజాల మీద ఎక్కి వెళ్ళడమే. మా ఊరి నుంచి పామర్రు హైస్కూలు రెండు మైళ్ళు. కాలువ గట్టు మీది మట్టిబాట నాలుగు వానలు పడేసరికి మోకాలి లోతు రొంపి అయ్యేది. మా ఇంట్లో పాలేరుగా ఉన్న పెద్దాయన నా పుస్తకాల సంచి తన మెడలో వేసుకుని, తాటాకు గొడుగు నా చేతికిచ్చి, నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని తారురోడ్డు దాకా మోసుకెళ్ళేవారు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. నడవలేని వయసేమీ కాదు.

ఇప్పుడు రాస్తున్నాను గనక ‘పెద్దాయన’ అనీ ‘వారు’ అనీ అంటున్నాను. అప్పుడు అలా అనలేదు. ఆయన భుజాల మీద కూర్చుని, "ఒరే, తొందరగా నడు, గంట కొట్టేస్తారు" అనేవాణ్ణి. "అట్టాగేనండి అబ్బాయిగారూ. జారుద్ది, నా జుట్టు గట్టిగా పట్టుకోండి" అనేవారు ఆయన. తెల్లటి జుట్టు. చుట్టపొగ, తడిసిన గడ్డి కలిసిన వాసన ఒకటి ఆయన దగ్గర వచ్చేది. దారి పొడుగునా కాలువలో ఎక్కడ చేప ఎగిరిందో చూపించేవారు. నాకు ఈత నేర్పిందీ, గేదె మీద ఎక్కి కూర్చోవడం నేర్పిందీ ఆయనే. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అడుగున మిగిలిన మడుగుల్లో చేపలు పట్టి, మొదటిది నాకు చూపించి గాని బుట్టలో వేసేవారు కాదు.

ఆయన కొడుకు మా బడిలో సోషల్ మాస్టారు. బందరులో మిషన్ వాళ్ళ హాస్టల్లో ఉండి చదువుకుని, ట్రైనింగు పూర్తి చేసుకుని వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబులో పెన్ను. ఆయన ఎవరి కొడుకో బడిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పొద్దున తండ్రిని ‘ఒరే’ అని, అరగంట తరవాత కొడుకుని ‘మాస్టారండీ’ అనేవాణ్ణి. ఇందులో తేడా ఉందని నాకెప్పుడూ తోచలేదు. మాస్టారు మాత్రం మా అందరినీ ‘ఏరా’ అనేవారు. ఆయన మా భుజం మీద చెయ్యి వేసి "ఏరా, ఈసారి లెక్కల్లో జారిపోయావటగా" అంటే మాకు బహుమతి వచ్చినంత సంబరం. ఆ పిలుపు కోసం ఆయన వచ్చే దారిలో కావాలని నిలబడేవాళ్ళం.

ఒక శనివారం పాఠంలో ఎక్కడో దూరపు దీవుల్లో ఉండే మనుషుల బొమ్మ వచ్చింది. ఒకాయన ముక్కుకి అడ్డంగా ఎముక గుచ్చుకుని ఉన్నాడు. క్లాసంతా పడీ పడీ నవ్వాం. వాళ్ళకి ఆచారాలూ గట్రా ఏమీ ఉండవా అని అడిగాడొకడు. మాస్టారు వాణ్ణి లేపి, "మీ నాయనమ్మగారి ముక్కుకి ఏముందిరా?" అన్నారు. "అడ్డబాసండీ" అన్నాడు వాడు. "బంగారంతో చేయించారండీ" అని కూడా చేర్చాడు గొప్పగా. అప్పుడింకా ఎక్కువ నవ్వాం. నవ్వు ఆగాక మాస్టారు మెల్లగా చెప్పారు. ప్రతి జనానికీ తమ పద్ధతి గాలి పీల్చినంత మామూలుగా ఉంటుందట, ఎదుటివాళ్ళదే వింతగా కనబడుతుందట. మన వింత మనకి కనబడాలంటే దాన్ని కాగితం మీద పెట్టి చూడాలట.

అందుకని ఒక పని చెప్పారు. ఆదివారం పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఎవరెవరితో మాట్లాడామో వరసగా రాయాలి. ఒక గడిలో వాళ్ళ వయసు, రెండో గడిలో మనం వాళ్ళని ఏమని పిలిచామో, మూడో గడిలో వాళ్ళు మనల్ని ఏమని పిలిచారో. అంతే. ఎందుకో చెప్పలేదు.

నాకు అలాంటి పనులంటే మహా ఇష్టం. ఆదివారమంతా పెన్సిలు చెవి మీద పెట్టుకుని జనం వెంటపడి వయసులు అడిగాను. చాకలావిడ "నీకెందుకు నాయనా నా వయసు, సంబంధం చూస్తావా?" అని ఆటపట్టించింది. పశువుల చావిట్లో మా పెద్దాయన్ని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "మీ తాతగారూ నేనూ ఒక ఈడోళ్ళం బాబూ. తాతగారి బారసాల నాడు మా అమ్మకి నొప్పులొచ్చినయ్యంట" అన్నారు. రాసుకున్నాను. మా తాతయ్య పేరు ఎదురుగా ‘తాతయ్యగారూ, మీరు’ అని ఉంది. దాని కింది వరసలోనే, అదే వయసు రాసి, పక్కన ‘ఒరే, నువ్వు’ అని రాశాను. చెయ్యి తడబడలేదు. అక్షరాలు కూడా గుండ్రంగా వచ్చాయి.

సోమవారం ఒక్కొక్కరినీ లేపి చదవమన్నారు. నా వంతు వచ్చినప్పుడు ఉత్సాహంగా మొదలుపెట్టాను. మా నాయనమ్మ, మా తాతయ్య, తరవాత "మా పాలేరు, తాతయ్య ఈడు" అని చదివి ఆగిపోయాను. రాసేటప్పుడు తట్టనిది చదివేటప్పుడు తట్టింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్నది ఆయన కొడుకు. "తాతా, మీరు" అని చదివేశాను.

పక్కన కూర్చునే మా ఊరివాడు ఊరుకోలేదు. "అబద్ధమండీ మాస్టారండీ! వీడు ‘ఒరే’ అంటాడండీ. ఇందాక భుజాలెక్కి కూడా అన్నాడండీ!" అని అరిచాడు. క్లాసంతా గొల్లుమంది.

మాస్టారు చెయ్యి చాపారు. నోటుబుక్కు ఇచ్చాను. ఆ పేజీ ఆయన చూసినంతసేపూ బెత్తం దెబ్బకి అరచేతులు సిద్ధం చేసుకుంటూ నిలబడ్డాను. ఆయన పుస్తకం తిరిగి ఇచ్చేస్తూ, "రాసింది నిజంరా. చదివిందే అబద్ధం. నిజాన్ని కొట్టెయ్యకు, ఉండనీ" అన్నారు. తరవాత అలా పిలవమని నాకు ఎవరు నేర్పారని అడిగారు. మా నాన్నా? అమ్మా? తాతయ్యా? ఎంత ఆలోచించినా ఎవరూ గుర్తు రాలేదు. ఎవరూ చెప్పలేదండీ అన్నాను. క్లాసులో అందరినీ అడిగారు. ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

అప్పుడాయన తన సంగతి చెప్పారు. ఐదేళ్ళ వయసులో వాళ్ళ నాన్నతో కలిసి మా ఇంటికి వచ్చేవారట. ఉయ్యాల్లో పసివాడు కదిలితే, ‘బాబుగారు లేచారండీ’ అని లోపలికి కేకవేసేవారట. ఆ బాబుగారు మా నాన్న. "మాటలైనా రాని పిల్లాణ్ణి నేను గారూ అన్నాను. నాకూ ఎవరూ చెప్పలేదురా" అన్నారు నవ్వుతూ. మనం పుట్టకముందే మన చోటూ మన మాటా సిద్ధం చేసి ఉంచుతారని, పాలతో పాటు అవీ లోపలికి పోతాయని, అందుకే అవి నేర్చుకున్నవని ఎవరికీ అనిపించదని వివరించారు. చివరికి నా వైపు తిరిగి, "ఇవాళ్టిదాకా తప్పు నీది కాదు. ఇవాళ్టి నుంచి నీకు తెలుసు" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే తేలికయ్యేది.

సాయంత్రాలు బట్టలు పాడైనా పరవాలేదు గనక ఇంటికి నడిచే వచ్చేవాణ్ణి. ఆ రోజు దారంతా ఆ మాటే నమిలాను. ఆ పూటే ఆయన్ని తాతా అనాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. వెళ్ళేసరికి మా నాన్న, పక్కింటి మావయ్య అరుగు మీద పేపరు చూసుకుంటున్నారు. పెద్దాయన వాకిట్లో గేదెలకి కుడితి పెడుతున్నారు. నేను పుస్తకాల సంచి కూడా దించకుండా, "తాతా, దూడని కట్టేశారా?" అన్నాను.

మావయ్య పేపరు దించి, "ఏం బావా, మీవాడు కొత్త చుట్టరికం కలిపాడే! పండక్కి ఈ తాతగారి చేత బట్టలు కూడా పెట్టిస్తావా ఏంటోయ్ అల్లుడూ?" అన్నాడు. మా నాన్న కూడా నవ్వాడు. తిట్టలేదు, కోప్పడలేదు, నవ్వాడంతే. పెద్దాయన కుడితి బాన వదిలేసి గబగబా నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అట్టా అనమాకండి బాబూ, నాకు మాటొచ్చిద్ది" అన్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. అరుగు మీదికి వినబడేలా, మామూలు కంటే రెట్టింపు గొంతుతో, "ఒరే, కట్టేశావా లేదా?" అని అరిచాను.

నవ్వు ఆగిపోయింది. మావయ్య మళ్ళీ పేపర్లో తలపెట్టాడు. పెద్దాయన మొహం తేటపడింది. "కట్టేశానండి అబ్బాయిగారూ" అన్నారు. ఆయన మొహంలో కనబడ్డది ఊరట అని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఒక మనిషికి గౌరవం ఇస్తే ఆయనకే ప్రమాదం వచ్చేలా మేం ఊరిని కట్టుకున్నాం.

ఆ తరవాత నేనొక ఉపాయం కనిపెట్టాను. కాలువ గట్టున ఎవరూ లేనప్పుడు తాతా అనేవాణ్ణి, మీరు అనేవాణ్ణి. ఊరు దగ్గర పడగానే మళ్ళీ పాత పిలుపు. మొదట ఆయన ఉలిక్కిపడ్డారు గాని, పోను పోను నవ్వి ఊరుకునేవారు. ఆ ఏర్పాటు చూసుకుని నేను చాలా మంచివాణ్ణని మురిసిపోయాను. ఐదారేళ్ళు అలాగే నడిచింది.

బందరు కాలేజీలో చదువుతుండగా ఆయన పోయారని కబురొచ్చింది. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. పేట చివర సమాధుల దొడ్డిలో వాళ్ళ వాళ్ళు పాటలు పాడుతున్నారు. మా నాన్నా మావయ్యా కూడా వచ్చి గేటు పక్కన నిలబడ్డారు. నేను వాళ్ళ పక్కన చేరాను. నా ఏడుపు చూసి దివిసీమ నుంచి వచ్చిన వాళ్ళ బంధువు ఒకాయన దగ్గరికొచ్చి, "తమరు ఆయనకేమవుతారండీ?" అని అడిగాడు.

నలుగురూ నా వైపు చూశారు. నోట్లో మాట ఉంది. ఐదారేళ్ళు చాటుగా అన్న మాటే. "ఏమీ కానండీ. మా ఇంట్లో పని చేసేవాడు" అన్నాను. అని తల తిప్పితే, రెండడుగుల దూరంలో మాస్టారు.

అంతా అయిపోయాక ఆయన దగ్గరికి వెళ్ళాను. భుజం మీద చెయ్యి వేస్తారని, ‘ఏరా’ అంటారని నా నమ్మకం. ఆయన రెండు చేతులూ జోడించారు. "శ్రమపడి అంత దూరం నుంచి వచ్చారు. చాలా సంతోషమండీ" అన్నారు.

ఆ రోజు తరవాత ఆయన నన్ను ఎప్పుడూ ఏరా అనలేదు. గుడివాడ స్టేషన్లో కనబడినా, బందరు బస్సులో పక్క సీటు దొరికినా, నా పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసినా అదే పద్ధతి. "బాగున్నారాండీ, పిల్లలు బాగున్నారాండీ." ఎంత పెద్దమనిషో చూడు, శిష్యుణ్ణి కూడా మీరు అంటారని నా స్నేహితులు మెచ్చుకునేవారు. నేను తలూపేవాణ్ణి.

నేనిప్పుడు పాలవాణ్ణీ, ఆటో అబ్బాయినీ, పక్కింటి పసివాణ్ణీ కూడా మీరు అనే అంటాను. మా ఇంట్లో వాళ్ళకి అదొక తమాషా. దాన్ని మంచితనంగా నేను చెప్పుకోను. అవసరమైన రోజున రాని మాట ఎన్నిసార్లు అన్నా ఆ రోజుకి చేరదు. మాస్టారు బతికి ఉండగా ఒక్కసారి ధైర్యం చేసి, నన్ను ఏరా అనండి అని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే అనేవారేమో. వాళ్ళ నాన్నగారిని నలుగురిలో తాత అని చెప్పుకోలేని నోటితో అడగలేకపోయాను. ఈ వయసులో నన్ను అందరూ అండీ అనే పిలుస్తారు. కొత్తవాళ్ళు ఎవరైనా మరీ మర్యాదగా అన్నప్పుడు మాత్రం, వీళ్ళకి నేనేం చేశానా అని ఒక్క క్షణం వెనక్కి చూసుకుంటాను.