తాత ఎక్కాడట

మా తాత విమానం నడపలేదు. పాత విమానాల అభిమానుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా తిరుగుతున్న "మద్రాసులో విమానం నడిపిన సౌకార్‌పేట గుడ్డల వ్యాపారి" మా తాతే. ఆ వ్యాపారిని తయారు చేసింది నేను. కూర్చుని అబద్ధం అల్లానని కూడా చెప్పలేను. ఉన్న కథలోంచి ఒక్కో మాట తీసేస్తూ వచ్చాను. తీసేసిన మాటలను మళ్ళీ వాటి చోట పెట్టడానికే ఇది రాస్తున్నాను.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఓ డజను మందిమి ఆదివారం పొద్దున షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్ గదిలో కలుస్తాం. ఇప్పుడు నెత్తి మీదుగా పోయే విమానాలను మాలో ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఎగరడం మానేసి, రెక్కలూడి, ఎక్కడో తుప్పు పడుతుంటేనే మాకు ముద్దు. ఒకాయన పాత విమానంలో ఎత్తు చూపించే ముల్లు పరికరాన్ని కొనుక్కొచ్చి పూజగదిలో పెట్టుకున్నాడు. వాళ్ళావిడ దేవుళ్ళతో పాటు దానికీ బొట్టు పెడుతుందట.

మా అందరికీ ఇష్టమైన కథ షోలవరం పెట్టెల కథ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక తెల్లవాళ్ళు మద్రాసు శివార్లలోని షోలవరం రన్‌వే పక్కన కొత్త విమానాలను పెట్టెల్లో పెట్టి, గ్రీసు పూసి, పాతిపెట్టి పోయారని. చెప్పేవాడి స్నేహితుడి మామ వాటిని కళ్ళారా చూసి ఉంటాడు. ఆ మామని మాత్రం ఎవరూ చూడలేదు. మా కుర్రాళ్ళు దీన్ని ఒక వారం మిత్ అంటారు, ఒక వారం లెజెండ్ అంటారు. రెండూ ఒకటేగా అంటారు.

ఒకటి కాదని పట్టుబట్టేది మాలో పెద్దవాడు. ఊరికి ఉత్తరాన ఉన్న మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. తేలిక కర్రతో విమానాల నమూనాలు చేస్తాడు. అందరం ఆయన్ని అన్నా అంటాం. మాలాగే తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం.

"ఏ కథకైనా ఒక ఇల్లుండాల తమ్ముడూ," అనేవాడు. "ఎవరు చెప్పినారు, వాళ్ళకెవరు చెప్పినారు అని అడుగుతా పోతే కడాకి ఒక గడప కాడ ఆగాల. లోపలుండే మనిషి కొంచెం పెంచి చెప్పినా సరే, మనిషంటూ ఉండాల. అది లెజెండు. ఈ పెట్టెల కథకి ఇల్లేడుంది? ఊరంతా తిరుగుతాది, ఏ ఇంట్లోనూ నిద్రపోదు. ఇది పుక్కిటి పురాణం."

"అన్నా, ఎంత తవ్వితే దొరుకుతుందో చెప్పన్నా, పార తెస్తా," అని ఎవడో ఒకడు ఏడిపించేవాడు.

నేను తెచ్చిన కథకి ఇల్లుంది. సౌకార్‌పేటలో టోకు గుడ్డల కొట్టు మీద, ఇరుకు మెట్లెక్కితే వచ్చే మా పెద్ద మేనత్త ఇల్లు. ఆమె ట్రంకు పెట్టెలో అరచేతి వెడల్పు గుడ్డ పేలిక ఒకటి ఉండేది. కోరా గుడ్డే, కాని ఏదో వార్నిషు పూసి అట్టలా బిగిసిపోయింది. చిన్నప్పుడు దాన్ని టకటకమని వాయించేవాళ్ళం. అది విమానం రెక్కదని అత్త చెప్పేది. తాత, అవ్వ తిరువొట్టియూరు పోతుంటే సముద్రం ఒడ్డున ఇసకలో రెండు రెక్కల విమానం దిగిందంట, రెక్క చిరిగిందంట, మన గుడ్డే వేసినారంట, తాత దాంట్లో ఎక్కినాడంట.

ఆమె కథలో ప్రతి మాటకీ చివర ఈ 'అంట' ఉండేది. పుస్తకాల్లో 'అట' అని రాస్తాం. తమిళంలోనే మాట్లాడే అత్త మనవళ్ళకి చెప్పినప్పుడు అదే 'ఆమ్' అయ్యేది. నేను చూడలేదు, విన్నాను, ఇక నీ ఇష్టం అని చెప్పే చిన్న తోక అది.

మా గ్రూపు మొదటి ప్రదర్శన పెట్టినప్పుడు అత్తని అడిగి ఆ పేలిక తెచ్చాను. ప్రతి వస్తువు పక్కనా ఇంగ్లీషులో ఒక కార్డు ఉండాలన్నారు. రాయడానికి కూర్చుంటే 'అంట'కి ఇంగ్లీషులో చోటు కనిపించలేదు. 'చెప్పబడుతున్నది' లాంటి మాట పెడితే మా అత్తని మేమే నమ్మనట్టు ఉంది. తీసేశాను. అవ్వకి కూడా కార్డులో చోటు చాలలేదు. ఇసకలో విమానం దిగింది, గుడ్డల వ్యాపారి అయిన మా తాత రెక్క బాగుచేశాడు, అందులో ఎగిరాడు. ఎక్కినవాడు ఎగరకుండా ఉంటాడా అనుకున్నాను. చదువుకుంటే ఎంత బాగుందో! అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు.

ఆ వారంలోనే మా కుర్రాడొకడు కార్డుని గ్రూపుల్లో పెడుతూ, 'ఫ్లూ ఇన్ ఇట్' అని నేను రాసిన చోట 'ఇన్' ఎగరగొట్టాడు. తాత విమానంలో ఎగిరినవాడు కాస్తా విమానాన్ని ఎగరేసినవాడు అయ్యాడు. కింద చప్పట్లు, రాకెట్లు, జెండాలు. నేను చూశాను. సరిచేయాలనుకున్నాను. రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

ఈ ఏడాది ప్రదర్శనకి వారం ముందు అన్న ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నాడు. మనలిలో ఆయన ముందు గదిలో బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద రెండు రెక్కల విమానం. తీగలన్నీ దారాలతో లాగి కట్టాడు. కింద నిజం ఇసక. విమానంలో వెనక సీటులో తలపాగా చుట్టుకుని, మీసాలతో, బొటనవేలంత మా తాత.

ఇలాంటి విమానాల్లో ముందు సీటు ఎక్కించుకున్నవాళ్ళది. వెనక సీటు నడిపేవాడిది.

"ఒక స్కూలు వాళ్ళు అడిగినారు, ప్రదర్శన అయినాక వాళ్ళకే ఇచ్చేస్తా," అన్నాడు. "నేనెప్పుడూ మైకు పట్టుకోను కదా, ఈసారి నేనే నిలబడి మీ తాత కథ చెప్తా. తప్పు మాట చెప్పడని నాకొక పేరుంది చూడు, ఆ పేరుకి ఇట్లాంటి కథ ఒకటి కావాల."

ఆ పేరు నిజంగానే ఉంది. ఆయన ఔనంటే మాలో ఎవరూ మళ్ళీ వెతుక్కోరు. ఆ పేరుని నా కార్డు మీద పెట్టబోతున్నాడు. తాత మీసాలు చూస్తూ నిలబడ్డాను. సన్నని కుంచెతో ఒక్కో వెంట్రుక దిద్దినట్టున్నాడు.

"అన్నా, తాత నడపలేదు," అన్నాను. 'అంట' దగ్గర్నుంచి 'ఇన్' దాకా అన్నీ చెప్పాను. చేతులు జోడించిన బొమ్మ గురించి కూడా.

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"షోలవరం పెట్టెల గురించి వందమందిని అడిగినా," అన్నాడు. "నిన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకంటే నీ కథకి ఇల్లుందని."

తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు దారం ఒకటి సవరించి, "ఆ ఇల్లు ఉండాదా, అదీ లేదా?" అని అడిగాడు.

"ఉందన్నా."

"సెరి, పద."

ఆటో సౌకార్‌పేట సందుల్లోకి రానన్నది. మూటలు మోసేవాళ్ళ మధ్య నుంచి నడిచాం. అత్త మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. అన్నని చూసి కొంగు సర్దుకుంది.

"రాండి నాయనా, కూర్చోండి. ఒరే అబ్బయ్యా, వచ్చేది ఒక ఫోన్ చేస్తే ఏమిరా? కాఫీకి పాలుండాయో లేదో."

"కాఫీ వద్దమ్మా," అన్నాడు అన్న. "మీ నాయన విమానం కథ మీ నోట వినాలని వచ్చినా."

అత్త ముఖం వెలిగింది. చిక్కుళ్ళు పక్కన పెట్టింది.

"నేనప్పటికి పుట్టలేదు నాయనా. మా అమ్మ చెప్పింది. చుట్టాలింటి పెళ్ళికని గుడ్డల మూట, మా అమ్మ, మా నాయన జట్కాలో పోతా ఉండారంట. ఆడ ఇసకలో విమానం దిగుండాదంట. తెల్లాయన తల పట్టుకుని కూర్చోనుండాడంట. మా నాయన పెళ్ళిమూట విప్పి కోరా గుడ్డ చించినాడంట."

"కుట్టింది?" అన్నాడు అన్న.

"ఇంకెవరు, మా అమ్మే! మా నాయనకి సూదిలో దారం ఎక్కించేది కూడా రాదు. ఆ తెల్లాయన డబ్బాలో ఏదో వార్నిషు తెచ్చి పూసినాడంట. ముందు ఒక ముక్క మీద పూసి చూసినాడంట, అదే ఈ పేలిక."

అత్త ట్రంకు పెట్టెలోంచి తీసిచ్చిన పేలికని అన్న వేలితో మీటి, వాసన చూసి, నా వైపు తిరిగి మెల్లగా, "రెక్కలకి పూసేదే కావచ్చు. కిటికీలకి పూసేదీ కావచ్చు," అన్నాడు.

"మరి మీ నాయన ఎగిరినాడా అమ్మా?"

"ఎగిరినాడని నేనెప్పుడు చెప్పినా? ఎక్కినాడంట! ఎక్కి ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడంట. మా అమ్మ ఊరుకుంటుందా? ఆడ ముహూర్తం దాటిపోతా ఉండాది, నువ్వు ఆకాశంలోకి పోతే నన్ను పెళ్ళికి ఎవరు తీసకపోతారు, దిగు అని నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచిందంట. ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టుకుని బతిమాలినాడంట. దింపేసింది."

చివరి మాటకి 'అంట' లేదు. వాళ్ళమ్మ గురించి ఆమెకి ఆ మాత్రం తెలుసు.

అన్న నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు తీసి మరీ నవ్వాడు. అత్త కూడా నవ్వింది. నేను మాత్రం నా కార్డు గురించే ఆలోచిస్తున్నాను. ఇంత కథ చేతిలో ఉండగా, ఇందులోంచి నేను ఏరుకున్నది ఎగరని తాతని, వదిలేసింది రెక్క కుట్టిన అవ్వని.

"మీ అమ్మ చీర ఏం రంగు?" అన్నాడు అన్న లేస్తూ.

"పుట్టనే లేదంటిని కదప్పా, నాకెట్లా తెలుస్తాది?"

మేం మెట్లు సగం దిగామో లేదో పైనుంచి కేక వినిపించింది. "ఒరే అబ్బయ్యా! ఎర్ర చీరంట!"

అన్న మెట్టు మీద ఆగిపోయాడు.

"వెళ్ళి అడగనా, ఎవరు చెప్పారో?" అన్నాను.

"వద్దులే. ఇల్లు తెలుసు కదా."

ప్రదర్శన రోజున తాత ముందు సీటులోకి మారి ఉన్నాడు. ఒక కాలు విమానం లోపల, ఒక కాలు బయట. ఇసక మీద ఎర్ర చీర కట్టుకున్న బొటనవేలంత అవ్వ, ఒక చెయ్యి నడుం మీద, రెండో చేతిలో దారం పోగు. కార్డు నేను మళ్ళీ రాశాను. ఇంగ్లీషులో 'మా అత్త చెప్పే కథ' అని మొదలుపెడితే 'అంట'కి చోటు దొరికింది. ఎప్పుడూ ఉందది.

అన్న మైకు పట్టుకుని తమిళంలో చెప్పాడు. దిగిందంట అన్న చోట 'ఎరంగిచ్చామ్', కుట్టిందంట అన్న చోట 'తైచ్చాంగళామ్'. ఒక్క 'ఆమ్' కూడా వదల్లేదు. నా కార్డు ఎందుకు మారిందో ఆయన చెప్పలేదు. ఆయన దగ్గర మైకు తీసుకుని నేనే చెప్పాను. 'ఇన్' ఎగరగొట్టిన కుర్రాడు ముందు వరసలోనే ఉన్నాడు.

"అయితే తాత అస్సలు ఎగరలేదా అంకుల్?" అన్నాడు దిగులుగా.

"ఎక్కినాడంట తమ్ముడూ," అన్నాడు అన్న. "అది చాల్లే. మీ షోలవరం పెట్టెల్లో విమానాలు ఎవరూ ఎక్కను కూడా లేదు."

ఇంటికి చేరేలోపే గ్రూపులో ఫోటో వచ్చేసింది. ఎర్ర చీరలో అవ్వ, పక్కన విమానం. కింద వ్యాఖ్య: "మద్రాసులో విమానం రెక్క కుట్టిన మొదటి మహిళ." చప్పట్లు, రాకెట్లు, జెండాలు.

ఈసారి చేతులు జోడించలేదు. కింద ఒక్క మాట టైప్ చేశాను.

"అట."