సంచి మూలన ఈల

విమానాల తలుపులు చేసే ఆ షెడ్డులో అందరూ ఆయన్ను చెవి మేస్త్రి అనేవారు. అచ్చు మీద నల్లటి కార్బన్ పట్టీలు పరిచి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి, అంచులు అతికించి, లోపలి గాలంతా పంపుతో లాగేశాక, పట్టీలను తడిపి గట్టిపరిచే జిగురు, రెసిన్, లోపలికి వదలాలి. వదిలేముందు ఫ్యాన్లు ఆపేవారు. అందరూ నోళ్లు మూసుకునేవారు. మేస్త్రి వంగి సంచి చుట్టూ చెవి తిప్పుకుంటూ వచ్చేవాడు. వెంట్రుకంత సందు నుంచి గాలి దూరినా పట్టేసేవాడు. ఆయన ‘ఊఁ’ అంటేనే రెసిన్ కదిలేది. ఇరవై రెండేళ్లపాటు అదే ఆయన దర్జా.

తర్వాత పట్టీలను దానంతట అదే పరిచే యంత్రం వచ్చింది. దాన్ని నడిపేది ఆయన అక్క కూతురే. పట్టుబట్టి చేర్పించింది కూడా ఆయనే. యంత్రంతోపాటు లీకు చూపే మీటరూ వచ్చింది.

“ఇక మీ చెవులకు సెలవు మేస్త్రీ,” అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. మేనకోడలు కూడా నవ్వింది. మేస్త్రికి అదే గుచ్చుకుంది.

ఆ వారమే ఒక తలుపు దగ్గర అలవాటు కొద్దీ వంగాడు. ఎడమ మూలన సన్నగా ఈల వినిపించింది. మీటరు ముల్లు మాత్రం కదల్లేదు.

“వదలమంటావా మావయ్యా?” అని అడిగింది మేనకోడలు.

“నన్నడుగుతావేంటి? మీటరుందిగా,” అని మూతి ముడుచుకుని పక్కకు జరిగాడు. యాభై ఐదేళ్లొచ్చినా ఉడుకుమోత్తనం పోలేదు మరి!

రెసిన్ గట్టిపడ్డాక చూస్తే, గాలి దూరిన ఆ మూలన అరచెయ్యంత మేర పట్టీలు తడవనే లేదు. తలుపు చెత్తలోకి పోయింది. మీటరు లీకు చూపలేదు కాబట్టి, పట్టీల మధ్య సందులు వదిలావంటూ తప్పంతా ఆ పిల్ల నెత్తిన రుద్ది, యంత్రం దగ్గర్నుంచి స్టోర్‌రూముకు మార్చేశారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే మేస్త్రి మూడేళ్లు నెట్టేశాడు. సిగ్గు కొంత, భయం కొంత. ఆ పిల్లేమో అప్పట్నుంచీ ఆయనతో అరిచినట్టే మాట్లాడేది. కోపం ఉండదా మరి అనుకుని తల దించుకునేవాడు.

రిటైరైన రోజు స్టోర్‌రూములో చేతి తొడుగులు అప్పగించబోతుంటే ఆమె దగ్గరకొచ్చింది.

“మావయ్యా! ఇప్పుడైనా డాక్టరుకు చూపించుకో!”

“ఏం చూపించుకోవాలి?”

“చెవులు! నా పట్టీల్లో సందుల్లేవు, నాకు తెలుసు. ఆ రోజు మూలన చెవి పెట్టి కూడా నీకు వినపడలేదని అప్పుడే అర్థమైంది. లీకు సంచిదని చెబితే నిన్ను ఇంటికి పంపేస్తారని నోరు మెదపలేదు. వినిపిస్తోందా?”

మేస్త్రి తొడుగులను బల్ల మీద పెట్టాడు.

“వినిపిస్తోందమ్మా,” అన్నాడు. “ఆ రోజు కూడా వినిపించింది.”

మూడేళ్లలో మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

“ఏంటి మావయ్యా?” అంది.