ఊడ్చేసిన పళ్లెం

చైనాలో నేను రుచి చూడని ప్రాంతం లేదు. అదీ సౌదీలోని ఈ హుఫూఫ్ దాటకుండా. ఇలా మొదలుపెడితే వినేవాళ్లు నోరు తెరుస్తారు కాబట్టి ఎన్నో ఏళ్లుగా ఇలాగే చెబుతున్నాను. నిజానికి నేను తిన్నది, నేను డ్రైవరుగా ఉన్న చైనా కంపెనీ క్యాంపులో ఇద్దరు వంటవాళ్లు వండినంతే. ఒకాయన లాంజో వైపు ముసల్మాను. పిండిని చేత్తో సాగదీసి దారాలు చేసి, గొడ్డుమాంసం చారులో వేసి, సలాం చెప్పి మరీ పెట్టేవాడు. రెండో ఆయన సిచువాన్ మనిషి. మా కడప కారం ముందు ఈయనదెంత అనుకున్నాను. ఆయన వేసే మిరియమంత ఎర్రకాయ మండదు. పళ్ల డాక్టరు సూది పొడిచినట్టు నాలుకను మొద్దుబారుస్తుంది. లాంజో ఆయన దాన్ని వంటనేవాడే కాదు.

అప్పటికే నాకు ఇంటిమీద గాలి మళ్లింది. పోతే మళ్లీ రాకూడదనుకున్నాను. నన్ను వీసా మీద పిలిపించుకున్న సౌదీ కఫీల్ మాత్రం, మీ కంపెనీ మేనేజరు సరేనంటేనే దేశం దాటే ఎగ్జిట్ కాగితం అన్నాడు. ఆ మేనేజరేమో బదిలీ మీద వెళ్లిపోతూ వీడ్కోలు విందుకు నన్నూ, నా గదిలో ఉండే ఎలక్ట్రీషియన్‌నూ పిలిచాడు.

గుండ్రటి బల్ల. చేప తలను నావైపు తిప్పి పెట్టారు. వయసుకు మర్యాదట. విందులో పని మాట ఎత్తొద్దని, పళ్లాలు తీశాకే అడగమని లాంజో ఆయన ముందే చెప్పాడు. తొందరగా ముగిద్దామని పళ్లెం ఊడ్చేశాను. వాళ్లకు ఖాళీ పళ్లెమంటే అతిథి కడుపు నిండలేదని లెక్క. మేనేజరే స్వయంగా వడ్డించాడు. ఊడ్చాను. మళ్లీ వడ్డించాడు. లేవడానికి లేదు, అడగడానికి లేదు.

"రోంత వదిలెయ్ మామా, అప్పుడే నిలుపుతారు," అని ఎలక్ట్రీషియన్ గిల్లాడు.

"పారేస్తే పాపం రా!"

చివరికి మేనేజరే లేచి, నా చెయ్యి పట్టుకుని, ఏమైనా కావాలా అని అడిగాడు. అప్పటికే సిచువాన్ ఆయన కూరల్లోని ఆ ఎర్రకాయ నా నాలుకను చంపేసింది. మాట పెగల్లేదు. ఆయన కారెక్కాడు. తర్వాత వచ్చినవాడు నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను.

నిన్న కొత్తగా దిగినవాళ్లకు ఇదంతా చెబుతుంటే ఎలక్ట్రీషియన్ అడ్డం వచ్చాడు.

"నాలుకకు ఏం కాలేదులే మామా. ఆయప్ప అడిగితే 'ఫుడ్ వెరీ గుడ్ సార్' అని గట్టిగా అంటివి. నేను పక్కనే ఉంటి. అడిగేదానికి భయపడితివి, అంతే."