బరువు పెంచదు అని రాయించిన డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారన్న కబురు నేను కాటేదాన్‌లో మా షెడ్డులో, దానిమ్మ తొక్కల్ని పొడికొట్టే మిషన్ పక్కన నిలబడి ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడి కూతురు. చప్పుడులో మొదట ఏమీ వినబడలేదు. బయటికొచ్చి మళ్ళీ చేస్తే, "అత్తయ్య ఈ ఉదయం పోయారండీ. మీకు తప్పకుండా చెప్పమని ముందే అన్నారు" అంది. మిషన్ ఆపించి, శంషాబాద్‌లో ఇంట్లో ఉన్న మా బాపుకు చెప్పాను. ఆయన, "రాత్రి ఏమన్న తిన్నదా పాపం?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

ఆమె మా బంధువు కాదు. పశువైద్య కళాశాలలో పశువుల మేత గురించి పాఠాలు చెప్పి రిటైరై, శంషాబాద్‌లో మా వెనక వీధిలో ఇల్లు తీసుకున్నారు. సొంత ఊరు కృష్ణా జిల్లాలో. వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా పొయ్యెక్కదు. అలాంటి మనిషి ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ మేత పెడితే మాంసం ఎలా ఉంటుందనే చూశారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "తినని మనిషికి మటన్ సంగతేం తెలుస్తది?" అని మా ఆవిడ ఆమె ముందే అనేసింది. డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు. "రుచి తెలియదమ్మా. అందుకే మీ నోళ్ళు అరువడుగుతున్నాను" అన్నారు.

నాకు ఆమెతో పని పడింది నా వ్యాపారం వల్ల. జ్యూసు బండ్ల దగ్గర పారేసే దానిమ్మ తొక్కల్ని ఎండబెట్టి, పొడి చేసి, గొర్రెల దాణాలో కలిపేందుకు అమ్మాలని నా ఆలోచన. తొక్కలో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయని ఎక్కడో చదివాను. జీవాలు బలంగా పెరుగుతాయని, మాంసం బాగుంటుందని సంచీ మీద వేసుకోవచ్చని ఆశ. మిషన్ అప్పటికే కొనేశాను. పొడి అమ్ముడుపోకపోతే అది ఇనప సామాన్ల కొట్టుకు పోవాల్సిందే. పహాడీ షరీఫ్ దగ్గర దాణా అమ్మే డీలరు ఒక్కటే మాట చెప్పాడు: "పెద్దామె సంతకం తే అన్నా, బరువు పెరుగుతదని. ఎంత సరుకైన నేను లేపుత."

డాక్టరమ్మ సంతకం చేయలేదు. పరీక్ష చేద్దామన్నారు.

మా బాపు మందలోంచి ఒకే ఈడు పొట్టేలు పిల్లల్ని ఏరి రెండు దొడ్లలో కట్టించారు. ఒక దొడ్డికి మామూలు దాణా, రెండో దొడ్డికి తొక్క పొడి కలిపిన దాణా. రోజూ పొద్దున నీళ్ళు పెట్టకముందే తూకం వేయాలి. బాపుకు ఇది నచ్చలేదు. పుట్టినప్పట్నుంచి జీవాల మధ్యే ఉన్నవాడు, చూపుతోనే అంచనా కట్టేస్తాడు. "పొడి తిన్నయి మంచిగ లేస్తున్నయమ్మా, కండ్ల ముందర కనబడ్తలేదా?" అనేవాడు. ఆమె చీరకొంగు నడుముకు చుట్టుకుని పెంటికల్లో నిలబడి, "మీ కళ్ళకు వాటిమీద ప్రేమండీ. తూకానికి ఎవరి మీదా ప్రేమ ఉండదు, దాన్నే అడుగుదాం" అనేవారు. బాపు మూతి ముడుచుకుని మళ్ళీ తూకం కొక్కేనికి జీవాన్ని తగిలించేవాడు.

పొట్టేళ్ళను కోసిన రోజున అసలు తమాషా జరిగింది. రెండు దొడ్ల మాంసాన్నీ విడివిడిగా, ఉప్పు తప్ప ఏమీ వేయకుండా ఉడికించి, చుట్టుపక్కల వాళ్ళకు ఏది ఏదో చెప్పకుండా రుచి చూపించాలి. డాక్టరమ్మ మా ఆవిడకు ఒకటికి నాలుగుసార్లు చెప్పి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వీధి మొదట్లోనే అల్లం వెల్లుల్లి ఘుమఘుమ. ఆమె గేటు దగ్గరే ఆగిపోయి, "అమ్మాయీ, మసాలా వేశావా?" అన్నారు.

"ఇంటికొచ్చినోళ్ళకు సప్పటి కూర ఎట్ల పెట్టాలమ్మా? ఇజ్జత్ పోదా? అయినా మీరేం పరేషాన్ కావొద్దు, రెండు గిన్నెలల్ల సమానంగనే ఏసిన" అంది మా ఆవిడ, గరిటె చేత్తో పట్టుకునే.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. డాక్టరమ్మ అరుగు మీద కూలబడి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పిలిచినవాళ్ళంతా కడుపునిండా తిన్నారు. ఆమె మా ఇంట్లోనే పెరుగన్నం తిని, "రుచి పరీక్ష మళ్ళీ చేద్దాం. ఇంకో జత పిల్లల్ని పెంచండి" అన్నారు. అంటే ఇంకో కాన్పు పిల్లలు ఎదిగేదాకా నా పొడి మూలన ఉండాలి. నాకు ఒళ్ళు మండింది. ఆమె ముందు మాత్రం సరే మేడం అన్నాను.

వండని మాంసం పరీక్ష మాత్రం చెడలేదు. రెండు పళ్ళాల్లో ముక్కలు పెట్టి మా ఫ్రిజ్‌లో ఉంచారు. పొద్దునా సాయంత్రమూ వచ్చి పళ్ళాల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసేవారు. ట్యూబులైటు కింద చూడనిచ్చేవారు కాదు, అది రంగు మార్చి చూపిస్తుందని. కోసిన యాపిల్ ముక్క గాలికి నల్లబడ్డట్టే మాంసమూ మారుతుందని, మేతలో వచ్చిన యాంటీఆక్సిడెంటు ఆ మార్పును కొంచెం ఆలస్యం చేస్తుందని చెప్పారు. ఒక పళ్ళెంలో ముక్కలు గోధుమరంగుకు తిరిగాక కూడా రెండో పళ్ళెంలోవి ఎర్రగానే ఉన్నాయి. ఏ పళ్ళెం ఏదో తెలియని మా ఆవిడను పిలిచి, దుకాణంలో అయితే ఏది తీసుకుంటావని అడిగారు. ఆమె తడుముకోకుండా ఎర్రది చూపించింది. అది పొడి తిన్న జీవాలదే.

రెండోసారి రుచి పరీక్షప్పుడు డాక్టరమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. మా ఆవిడ ఉప్పు డబ్బా ఒక్కటే ఉంచి మిగతావన్నీ అటక మీద పెట్టేసింది. బాపు రెండు గిన్నెల్లోనూ చెరో ముక్క నమిలి, "రెండూ ఒక్క తీరుగనే ఉన్నయమ్మా. రెండూ సప్పగనే ఉన్నయ్" అన్నాడు. మిగతావాళ్ళూ తేడా పట్టలేకపోయారు. అదీ రాసుకున్నారావిడ, ముఖంలో ఏ నిరాశా లేకుండా.

తూకాల సంగతికి వచ్చేసరికి, రెండు దొడ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జతలోనూ అంతే.

నేను ఆమె ఇంటికి వెళ్ళి బతిమాలాను. "మేడం, రంగు ఎవరిక్కావాలె? గొర్లు పెంచేటోళ్ళకు బరువే కావాలె. కొంచెం పెరుగుతదని రాస్తే ఎవరికేం నష్టం? నా మిషన్ ఆగిపోతది." ఆమె కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నారు. "బాబూ, నెలల తరబడి తూచి చూశాం. పెరగలేదు. రంగు నిలిచింది. అదే రాయండి. కింద బరువు పెంచదు అని కూడా వేయించండి. లేకపోతే పై మాట చదివి ఈ మాట వాళ్ళే ఊహించుకుంటారు." ఎక్కడైనా అమ్ముకునేవాడు సొంత సంచీ మీద అలా వేసుకుంటాడా? ఆ రోజు నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది. అయినా ఆమె పేరు లేకుండా నా పొడిని ఎవరూ ముట్టరు. అలాగే వేయించాను.

డీలరు సంచీ చూసి పగలబడి నవ్వాడు. బాపు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "మన సరుకును మనమే తక్కువ చేసుకునుడేంది?" అని మా ఆవిడతో చెప్పుకున్నాడు. ఆ సంచీలు గొర్రెల మందలవాళ్ళు కొనలేదు. ఎయిర్‌పోర్టు రోడ్డు మీది హోటళ్ళకు మాంసం వేసే ఒకాయన మాత్రం, రంగు నిలిస్తే చాలని, తనకు జీవాలిచ్చేవాళ్ళ కోసం కొనడం మొదలుపెట్టాడు. పెద్ద వ్యాపారం కాలేదు. మిషన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆమె మంచం దిగడం లేదు. పక్కన బల్ల మీద బంధువులు తెచ్చిన సీసాలు, డబ్బాలు. యాంటీఆక్సిడెంటు బిళ్ళలట, ఉసిరి రసాలట. ఒకటి తీసి దాని మీద ఏముందో చదవమన్నారు. చదివాను. బలాన్నిస్తుంది, వయసును ఆపుతుంది, రోగాన్ని దగ్గరికి రానివ్వదు. ఆమె కళ్ళు మూసుకుని విని, "కింది వాక్యం ఏదీ?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ మాట తలుచుకుంటే ఆమె లేని వెలితి ఇప్పుడు నాకు బాగా తెలుస్తోంది.

దినకర్మలు అయిన వారంలో సంచీలు నిండుకున్నాయి. కొత్తవి అచ్చుకివ్వాలి. డీలరు షెడ్డుకు వచ్చాడు. "మంచి మనిషి అన్నా, పోయింది పాపం. ఇగ ఆ కింది లైను తీసెయ్యరాదే? ఎవరడుగుతరు?" అన్నాడు. ఆ ఆలోచన నాకూ రాకపోలేదు. తీసేస్తే మందలవాళ్ళంతా నా గిరాకీ అవుతారు.

ఆ రోజు బాపు షెడ్డులోనే తొక్కలు ఏరుతూ కూర్చున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "ఆమె ఉన్నప్పుడైతే తీసేసినా నడుస్తుండె. తప్పైతే వచ్చి చెప్పేది. ఇప్పుడు మనకు తప్పని చెప్పేటోళ్ళు ఎవరున్నరు? ఉండనియ్ రా."

డీలరు బండెక్కి వెళ్ళిపోయాడు. నేను కింది లైనుతోనే అచ్చుకిచ్చాను.

అచ్చు వేసేచోటికి బాపు కూడా బండి మీద నా వెనక వచ్చాడు. సంచీలు ఆరబెట్టి ఉన్నాయి. ఆయనకు చదువు రాదు. "గదెక్కడున్నది?" అని అడిగితే చూపించాను. ఆరిందో లేదో చూడకుండా ఆ అక్షరాల కింద వేలు పెట్టి, మొదట్నుంచి చివరిదాకా మెల్లగా జరిపాడు. ఇంటికొచ్చే దారంతా, నల్లసిరా అంటిన ఆ వేలిని తెల్ల పంచెకు తగలకుండా పైకి పట్టుకునే కూర్చున్నాడు.